జాండర్ చేప

మస్కట్‌లో ఒక ఇంగ్లీషు దినపత్రికలో సబ్‌ఎడిటర్‌గా పనిచేసిన రోజుల్లో నాతో ఫ్లాట్ పంచుకున్న మనిషి పెద్ద హోటల్లో వంటవాడు. కాకినాడ వైపువాడు. వాసన చూసి ఏ చేప ఏ కాలవదో చెప్పగలనని అనేవాడు. మస్కట్‌లో కాలవలు లేవు కాబట్టి ఆ మాటను ఎవరూ పరీక్షించలేదు.

వాళ్ళ హోటల్‌కి జర్మన్ షెఫ్ వచ్చాక యూరప్ నుంచి గడ్డకట్టిన చేపముక్కలు అట్టపెట్టెల్లో రావడం మొదలైంది. కిటికీలోంచి సముద్రం కనబడే ఊళ్ళో ఎక్కడిదో ఏటి చేపను విమానంలో తెప్పించుకోవడం ఏమిటని మావాడికి మొదటి అనుమానం. రెండోది పేరు మీద. పెట్టె మీద జాండర్ అని రాసి ఉంది. షెఫ్ దాన్ని త్సాండర్ అంటాడు. మెనూలో ఫ్రెంచి పేరు సాండ్ర్ అని అచ్చేసి, కింద ఇంగ్లీషులో పైక్-పెర్చ్ అని వేశారు.

"ఇన్ని పేర్లతో తిరిగేవాణ్ని మా ఊళ్ళో అయితే పోలీసులు పట్టుకుంటారండి. మీరు పేపరువాళ్ళు కదా, అసలు పేరేంటో కనుక్కోండి," అన్నాడు.

ఆఫీసులో విజ్ఞాన సర్వస్వం తీసి చూశాను. పైక్ వేరే చేప, పెర్చ్ వేరే చేప. ఇది పెర్చ్‌ల కుటుంబంలోది. పైక్‌తో చుట్టరికం లేదు, మూతి మాత్రం ఆ పోలిక. రెండింటికీ పుట్టిన సంకరం కాదు, పేరే సంకరం. నదుల్లో, చెరువుల్లో చిన్న చేపలను వేటాడి తింటుంది. మసక నీళ్ళలో దాని కళ్ళు మెరుస్తాయి. ముళ్ళు తక్కువ, కొవ్వు తక్కువ. వేపుకుంటారు, పులుసు కాచుకుంటారు, గాలంతో పట్టడం సరదాగా పెట్టుకుంటారు. విన్నాక మావాడు, "అంటే వాళ్ళ కొరమీనన్నమాట," అని తేల్చేశాడు.

ఆ శుక్రవారం, వారపు సెలవు రోజున, మేమిద్దరం రుస్తాఖ్ అనే ఊరు వెళ్ళాం. హోటల్ బాత్‌రూముల్లో టైల్స్ వేసినప్పుడు మావాడికి స్నేహితుడైన మేస్త్రి ఒకడు అక్కడి సైట్‌లో ఉన్నాడు. నిజామాబాద్ జిల్లావాడు. అతనికి కామెర్లు వచ్చాయి. సెలవు మీద వెళ్తూ కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, ఒక మాట చెప్పి వెళ్ళాడు: తాను తిరిగొచ్చేసరికి కళ్ళు తెల్లబడకపోతే వీసా కాన్సిల్, టికెట్ చేతిలో పెట్టి ఇంటికి పంపడమే. మేస్త్రి ఈ దేశం వచ్చింది పోయిన ఏడే. ముదీర్ రావడానికి ఇంకా పది రోజులుంది.

రూమ్‌లో మేస్త్రి కింది మంచం మీద పడుకుని ఉన్నాడు. అతని ఊరివాడే, వరసకు కాకా అయ్యే పెద్దాయన పత్తెం నడుపుతున్నాడు. ఉప్పు లేదు, నూనె లేదు, చింతపండు లేదు. మజ్జిగన్నం తిని తిని మేస్త్రి దవడలు లోపలికి పోయాయి. క్లినిక్‌లో నర్సు పచ్చదనం కొంచెం తగ్గిందనే చెప్పిందట. కాకాకు నమ్మకం లేదు.

మాటల మధ్య మావాడు హోటల్ సంగతులు ఎత్తాడు. "కొత్తగా జాండర్ అని చేప వచ్చిందండి."

కాకా లేచి నిలబడ్డాడు. "జాండీస్ చేపనా?"

"జాండీస్ కాదండీ బాబూ, జాండర్."

"గదే గదా. మనం స్ అంటం, దొరలు ర్ అంటరు. ఆ రోగానికి వాళ్ళ దేశంల చేపే ఉన్నదన్నట్టు. మనకు ఉబ్బసానికి చేపమందు లేదా?"

తప్పు దొర్లితే సవరణ వేస్తే సరిపోతుందని పత్రికలో నేర్చుకున్నాను. సవరణను ఎవరూ చదవరన్నదీ అక్కడే నేర్చుకున్నాను. అయినా ప్రయత్నించాను. దానికి ఇంకా పేర్లున్నాయని చెప్పాను. కాకా తలూపాడు. "మందుకు ఎప్పుడైన రెండు మూడు పేర్లుంటయి సారూ. డబ్బ మీదొకటి, డాక్టర్ రాసేదొకటి." అది వేటాడే చేప అని చెబుతూ కళ్ళు మెరిసే సంగతి కూడా చెప్పాను. అక్కడితో వాదం ముగిసింది.

"ఇన్నవారా? కండ్లు మెరుస్తయంట!"

"కాకా, పత్తెమున్నోడు చేప తింటడా? తిరగబెడితే?" అన్నాడు మేస్త్రి మంచం మీంచి.

"నువ్వు గమ్మునుండు. నీకు లోకమంత పచ్చగనే కనవడుతది. నీ మాట లెక్కల్లేదు."

వచ్చే శుక్రవారం ఆ చేప తెమ్మని కాకా మావాడి దగ్గర మాట తీసుకున్నాడు. తిని జబ్బు ముదిరితే అన్యాయంగా మేస్త్రి ఉద్యోగం తనవల్ల పోతుందని మావాడి భయం. చివరికి షెఫ్‌నే అడిగాడు. షెఫ్ నవ్వలేదు. తమ ఊళ్ళో జబ్బుపడ్డవాళ్ళకు పెద్దవాళ్ళు ఈ చేపనే ఉడకబెట్టి పెడతారని, కొవ్వు ఉండదు కాబట్టి సులువుగా అరుగుతుందని, నూనె చుక్క తగలనివ్వొద్దని చెప్పి ఒక ముక్క ఇచ్చి పంపాడు. పేరు సంగతి మావాడు ఆయనకు చెప్పలేదు.

తర్వాతి శుక్రవారం దాన్ని ఐస్‌లో పెట్టుకుని తీసుకెళ్ళాం. ఉడికించేది మావాడు, చెప్పేది కాకా. నీళ్ళు మరుగుతుండగా కాకా చిటికెడు పసుపు తెచ్చాడు.

"కామెర్లోడికి పసుపేంటండీ! ఉన్న పచ్చ చాల్లేదా?"

"పసుపెయ్యక చేప వండుతరా ఎక్కడన్న?"

పసుపు వేయలేదు. మేస్త్రి మంచం మీద కూర్చుని తిన్నాడు. చేప కడుపులోకి పోగానే కళ్ళు తెల్లబడతాయని ఎవరూ అనలేదు. అయినా అందరూ అతని కళ్ళలోకే చూస్తున్నారు. అతను ముద్ద ముద్దకూ రెప్పలు దించుకున్నాడు. మొహమాటమో, భయమో తెలియదు. అంతా తిని కంచం కడుక్కొచ్చాడు. చాలా రోజుల తర్వాత తన కంచం తానే కడుక్కున్నాడని కాకా చెప్పాడు.

ముదీర్ చూశాక చెప్పమని మేస్త్రికి నా ఆఫీసు నంబరు ఇచ్చి వచ్చాను. ఆ వారం ఆఫీసులో ఫోన్ మోగినప్పుడల్లా నేను ముందుగా తీశాను. మేస్త్రి ఫోన్ ఒక పొద్దున వచ్చింది. రుస్తాఖ్‌లో ఏదో దుకాణం నుంచి.

"ముదీర్ అచ్చిండు సారూ. ఎండల నిలవెట్టి కండ్లు గుంజి సూశిండు. తమామ్, అంత మంచిగున్నదన్నడు. డ్యూటీకి పొమ్మన్నడు."

చేప పనిచేసిందా అని అడిగాను. పేపరువాళ్ళకు అలాంటివి అడక్కుండా ఉండడం రాదు.

"ఏమో సారూ. అప్పటికే తగ్గవట్టెనని నర్సమ్మ అన్నది. కాకా మాత్రం చేపే అంటుండు, అందరికి చెప్తుండు. మా కొర్రమట్ట ముందట గదేం చేప సారూ, సప్పగున్నది. గంత సప్పగున్నదంటె మందే అయితది. ఇంకో రూముల ఒకనికి మోకాళ్ళ నొప్పులున్నయంట, దానికి సుత గా చేపే..."

వెనక హారన్ మోగింది. డ్యూటీ బండి సారూ అంటూ, మిగతా మాట మింగి ఫోన్ పెట్టేశాడు.