మేత వేసిన చోటు

మొన్న మంగళవారం విజయవాడ నుంచి పామర్రు వస్తుంటే బస్సు కిటికీలోంచి మా కాలువ కనిపించింది. ఏళ్ల తరబడి గుర్రపుడెక్క కింద మరుగునపడిన నీళ్లు మళ్లీ పారుతున్నాయి. గట్టు మీద గాలాలు వేసుకుని కూర్చున్నవాళ్లలో మా బావగారిని, అంటే మా వారి అన్నగారిని, గుర్తుపట్టి ముందు స్టాపులోనే దిగిపోయాను.

అన్నదమ్ములిద్దరూ నేతగాళ్లు. వాన పట్టిందంటే మగ్గం గుంటలోకి చెమ్మ ఎక్కుతుంది, పడుగు ఆరదు. ఆ రోజుల్లో ఇద్దరి కాపురం కాలువ గట్టు మీదే. పడుగుకు పెట్టగా మిగిలిన గంజిలో తవుడు కలిపి ఉండలు చేసి, ముందురోజు సాయంత్రమే ఎవరి చోట వాళ్లు నీళ్లలో చేపలకు మేతగా వేసి వచ్చేవారు. ఒకరు మేత వేసిన చోట ఇంకొకరు గాలం వేయకూడదు. పెళ్లాలకిచ్చిన మాట తప్పడానికి వెనకాడని మనుషులు ఈ కట్టుబాటు మాత్రం తప్పేవారు కాదు. ఒక వానాకాలం బావగారికి జ్వరమొచ్చింది. ఆయన వేసిన మేత వృథా పోతుందని మా వారు అక్కడ కూర్చున్నారు. బొచ్చె చేప పడింది. ఊళ్లో ఇప్పటికీ అయిదు కిలోలంటారు. తూచింది నేను, రెండు కిలోలకు కాస్త తక్కువే. అన్నకని పట్టింది కాబట్టి పులుసు పెట్టి పంపాను. గిన్నె మూత తీయకుండానే తిరిగొచ్చింది, దాని వెనకే బావగారూ వచ్చారు.

"నేనెప్పుడు మంచాన పడతానా అని కాచుక్కూర్చున్నావేంట్రా?"

"నీకోసమే పట్టాను అన్నయ్యా."

"రేపు నేను పోతే నా మగ్గంలో కూడా నాకోసమే కూర్చుంటావా?"

అంతే, మాటలు ఆగిపోయాయి. కొన్నాళ్లు ఎదురెదురు గట్ల మీద కూర్చునేవారు. తర్వాత కాలువ పూడిపోయి, ఆ చూపులు కూడా లేకుండా పోయాయి.

మా వారికి ఊపిరితిత్తులు చెడి మంచం పట్టినప్పుడు నేనే వెళ్లి, ఒక్కసారి వచ్చి కనిపించమని బావగారిని అడిగాను. "ఇంట్లో కూర్చుని మాట్లాడుకునే అలవాటు మాకు లేదమ్మాయ్. కాలువ బాగుచేస్తారంటగా, గట్టు మీదే మాట్లాడుకుంటాంలే" అన్నారు. మా రెండిళ్ల మధ్య ఉన్నది ఒక్క వీధి. ఆ కబురుకు మా వారు సంబరపడ్డారు, అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పొద్దున లేస్తూనే "పొక్లెయిన్ వచ్చిందా?" అని అడిగేవారు. వచ్చింది. పూడిక తీశారు, గట్లు కట్టారు. నీళ్లు వదిలేలోపే ఆయన పోయారు. బావగారు వచ్చి పాడె మోశారు. ఆ రోజు మా గుమ్మం తొక్కడానికి ఏ అలవాటూ అడ్డురాలేదు.

మొన్న బస్సు దిగి గట్టు మీదికి వెళ్లిన నన్ను చూసి బావగారు లేచి నిలబడ్డారు. ఎదుటి గట్టు చూపించి, "వాడి చోట కూడా మేత వేశానమ్మాయ్" అన్నారు.

"పూడిపోయింది కాలువేగా బావగారూ, మా గుమ్మం కాదుగా."

ఆయన మళ్లీ కూర్చుని గాలానికి ఉండ గుచ్చబోయారు. అది జారి కిందపడింది. నేను తీసివ్వలేదు. తర్వాతి బస్సెక్కేశాను.

కాలువకు ఏటా నీళ్లు వదిలే నెలంటూ ఒకటుంటుంది. మనుషులు కూడా తమకు అలాంటి నెల ఉందనుకుని కూర్చుంటారు.