లెక్కలోకి రాని రెండు చుట్లు

ఆ వయసులో నాకు లెక్క సరిపోతే లోకం సరిగ్గా ఉన్నట్టే. పదో తరగతి తప్పి కువైట్ వచ్చి, సబ్హాన్‌లో ఒక గ్యారేజీలో సామాన్ల చిట్టా రాసేవాణ్ణి. భాగహారాలు, సగటులు పాత క్యాలెండర్ కాగితాల వెనక నాకు నేనే నేర్చుకున్నాను. (నేర్పినవాడు లేడు కనుక తప్పని చెప్పేవాడూ లేడు.) మా బావ ఫింటాస్‌లో ఒక ఇంటి డ్రైవరు. శుక్రవారం సెలవునాడు మా గ్యారేజీకి వచ్చి, మా యజమాని పందేలకు తయారుచేసే పాత కార్లను నడిపి చూసేవాడు. వెనక సీట్లు, అద్దాలు పీకేసి, లోపల ఇనప గొట్టాలు బిగించి, గుండ్రటి బాటలో తిప్పే చిన్న పందేలవి. నడిపి చూడటానికొచ్చినవాడు పందేల్లోకే దిగి, రెండేళ్లలో ఆఖరి స్థానం నుంచి నాలుగో స్థానానికి ఎదిగాడు. వీసా ఇచ్చిన ఆ ఇంటి యజమానికి, అదే కఫీల్‌కు, మాత్రం తెలియదు. చివరి పందెంలో మొదటి ముగ్గురిలో వస్తే అక్కడ ఉండేందుకిచ్చే ఇఖామా కార్డు గ్యారేజీ మీదికి మార్పించి, పందెపు డ్రైవరుగానే పెట్టుకుంటానని యజమాని మాటిచ్చాడు.

అప్పుడు నా బుర్ర పనిచేసింది. "పెట్రోలు తగ్గిస్తే బరువు తగ్గుతాది బావా. ఇరవై చుట్లకు పదకొండు లీటర్లు చాలు. ఇంకో అర లీటరు ఎక్కువే పోసినా."

"తప్పదు కదరా?"

"తప్పితే నా పేరు మార్చుకుంటా." (ఇంకా మార్చుకోలేదు.)

పందేనికి ముందు బండ్లన్నీ ఒక కారు వెనక వరసగా రెండు చుట్లు మెల్లగా తిరిగాయి. నేను గడియారం పట్టుకుని, పెన్సిలు చెవి వెనక పెట్టుకుని తీరిగ్గా చూశాను. జెండా ఊపాకే మొదటి చుట్టని ఒకటి రాసుకున్నాను. పంతొమ్మిదో చుట్టుకు బావ మూడోవాడు. ఇరవయ్యో చుట్టులో, ఇంకో మలుపు ఉందనగా బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. వెనక వస్తున్నవాడు తప్పించలేక గుద్దేశాడు.

ఆసుపత్రిలో బావ కుడిచేతికి, భుజానికి కట్లు. "ఏమ్రా, పెట్రోలంతా యాడికి పోయింది?"

నేను మంచం అంచున కూర్చుని మళ్ళీ వేశాను. ఇంకోసారి వేశాను. "లెక్క సరిగ్గానే ఉంది బావా."

"మొదట తిరిగిన రెండు చుట్లు ఏసినావా?"

నా చెయ్యి ఆగిపోయింది. "అవి పందెం కాదు కదా..."

"కాదని నీకు తెలుసురా. ఇంజనుకు ఎవరు చెప్పినారు?" అని నవ్వాడు. నవ్వితే భుజం కదిలి కళ్ళమ్మట నీళ్ళు కారాయి. నేనే తుడిచాను.

కట్లు చూసి కఫీల్‌కు సంగతంతా తెలిసింది. "ఖలాస్" అన్నాడు, ఉద్యోగం అయిపోయిందని. మా యజమానేమో, "మూడో స్థానం రాలేదు కదా" అన్నాడు. పది రోజులకు బావ విమానమెక్కాడు. ఆ కుడిచేతి మణికట్టు ఇప్పటికీ పూర్తిగా తిరగదు. రాయచోటిలో బడి వ్యాను నడుపుతున్నాడు. ఫోను చేస్తే మొదటి మాట ఒకటే: "ట్యాంకు నింపినావా లేదా?"

నేనిప్పుడు దజీజ్‌లో ఒక గోడౌనుకు లెక్కలు చూస్తున్నాను. ముప్పావు ట్యాంకు ఉన్నా పెట్రోలు బంకు కనబడితే బండి తిప్పుతాను. "ఇందులో ఎక్కడ పడుతుంది భాయ్?" అని బంకతను నవ్వుతాడు. చెవి వెనక పెన్సిలు పెట్టుకున్న ఆ కుర్రాడు గుర్తొచ్చి నేనూ నవ్వుతాను. ఇంటికెంత దూరమో లెక్క వేస్తాను. బంకులోంచి రోడ్డెక్కే ఆ కాస్తా కూడా కలుపుతాను.