సున్నం వెయ్యని సమాధి

మొన్న బంటుమిల్లి రోడ్డు పక్కన మా పేట కుర్రాళ్లు మా మరిది పేరు చెక్కించి ఒక రాయి నిలబెట్టారు. నాకు చదువు నలభై దాటాక వచ్చింది, అందుకని ఆ పేరును వేలు పెట్టి చదువుకున్నాను. దండలు, మైకులు, ఉపన్యాసాలు. ఎవరో ఆయన "వీరుడు" అన్నాడు. మా మరిదికి జెర్రిని చూస్తేనే భయం. చేపల పులుసు పెడితే ముళ్లు నా చేత తీయించుకుని తినేవాడు. అలాంటివాడు ఒక్కసారి ఊరి మోతుబరుల ముందు నిలబడి "ఓటు మా ఇష్టమండీ" అన్నాడు. ఆ వారంలోనే పేట మీద పడి, కాలవ గట్టున వాణ్ణి కొట్టి చంపారు.

మా పేటలో ఈస్టరు ముందు శనివారం అందరూ తమవాళ్ల సమాధులకు సున్నం వేస్తారు. తెల్లారి ఆరాధనకు వెళ్లేసరికి సమాధుల తోటంతా ఉతికి ఆరేసిన పంచెల్లా మెరుస్తూ ఉంటుంది. మా మరిదిది మాత్రం నాచు పట్టి నల్లగా ఉండేది. కోర్టు తీర్పు వచ్చేదాకా దానికి సున్నం తగలనివ్వనని మా అత్త పంతం. ఒక ఏడు నేను చాటుగా బకెట్టు పట్టుకెళ్తే చీపురు తిరగేసింది. పాస్టరుగారు నచ్చజెప్పబోయారు.

"మామ్మగారూ, పండగ పూటండీ. ఒక్క పూత వేయించండి."

"అయ్యగారూ, ప్రభువు మూడోనాటికి లేచాడు. మావాడి కేసు ఇంకా లేవలేదండీ."

ఆయన నవ్వాలో ప్రార్థన చెయ్యాలో తెలియక గొడుగు విప్పుకుని వెళ్లిపోయారు.

కేసు బందరు కోర్టులో నానింది. సాక్షులు పోయారు, ముద్దాయిలు పోయారు, మా ఆయనా పోయాడు. తీర్పు నాటికి మిగిలింది ఒక్క ముద్దాయే. జడ్జిగారు యావజ్జీవమని చదివితే, ఆ ముసలాయనకు చెవుడు కాబట్టి కొడుకు చెవిలో అరిచి చెప్పాల్సొచ్చింది. మా అత్త ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆ బోసినోటి వైపే చాలాసేపు చూసింది.

"ఏమేవ్, వీడు ముసలోడైపోయాడే. మనోడింకా కుర్రాడేనే," అంది.

ఆ తర్వాతి ఈస్టరుకు కుంచె అందిస్తే తోసేసి, సున్నం చేత్తోనే రాసింది. పసివాడికి నలుగు పెట్టినట్టు, తల వైపు నుంచి కాళ్ల వైపుకి. చేతులు పొక్కుతాయత్తా అంటే వినలేదు. "కదలకురా," అంది సమాధితో.

ఇప్పుడు ఆవిడా ఆ పక్కనే ఉంది. రెండింటికీ నేనే వేస్తున్నాను. నా మనవలు కూడా వాడి వయసు దాటేశారు. మేమంతా ముసలివాళ్లం కావడానికి చాలినంత కాలం దొరికింది గానీ, వాణ్ణి ఒక్క ఏడు పెద్దవాణ్ణి చెయ్యడానికి ఏ తీర్పుకీ కాలం చాల్లేదు.