గంగరాజు బాబాయి చాప

పంపు కొనేవాళ్లు కంపెనీ చూస్తారు, బలం చూస్తారు, ధర చూస్తారు. మా గంగరాజు బాబాయి పడుకుని చూసేవాడు.

బహ్రెయిన్‌లో ఇళ్లకి హీటింగేమిటని మా పాలకొల్లులో ఇప్పటికీ నవ్వుతారు. తొంభైల్లో, జనవరి నెలలో, ముహర్రక్ సముద్రపు గాలి తిన్నవాళ్లెవరూ నవ్వరు. డబ్బున్న కొందరు బాయిలరు పెట్టించి, వేడినీళ్లు నేల కింద గొట్టాల్లో తిప్పించుకునేవారు. ఆ నీళ్లని తిప్పే పంపు, వాల్వు, రెండు థర్మామీటర్లు కలిపి ఒకే సామానుగా వచ్చేది. దాన్ని పంపు గ్రూపు అనేవాళ్లం. ఏ ఇంటికి ఏ గ్రూపు సరిపోతుందో తేల్చడం బాబాయి డ్యూటీ. ఆయన్నీ, ఆయన ప్లాస్టిక్ చాపనీ వ్యానులో మోయడం నా డ్యూటీ. వరసకి ఆయన నాకేమీ కాడు. గుదైబియాలో ఒకే గదిలో ఉన్నందుకు బాబాయి అయ్యాడు.

పంపు బిగించి స్విచ్చి వేసేవాడు. నేరుగా పక్క గదిలోకి వెళ్లి చాప పరిచి, మొహం మీద తువ్వాలు కప్పుకునేవాడు. గురక వినబడితే పంపు పాసయినట్టు. లేచి కూర్చుంటే ఫెయిలయినట్టు.

"ఏం బాబాయ్?"

"కునుకు పడితే ఒట్టురా వీరబాబూ. ఇది గుర్రం. ఈ కొంపకి పిల్లి చాలు. పిల్లిని తే."

అవసరానికి మించిన పంపు పెడితే గొట్టాల్లో నీళ్లు పరుగెత్తి గోడంతా గుయ్యిమంటుంది. అలాంటిది గుర్రం. చప్పుడు చెయ్యకుండా ఇల్లు వెచ్చబెట్టేది పిల్లి. కొనేవాళ్లకేమో గుర్రమే కావాలి. పక్కింటివాళ్లది పెద్దదైతే వీళ్లది ఇంకా పెద్దదవ్వాలి.

మా సూపర్వైజరు బాఖర్ సాబ్‌ది నిజామాబాదు. బాబాయి నిద్ర కబురు వచ్చినప్పుడల్లా ఆయనకి బీపీ పెరిగేది.

"ఏం గంగరాజు భాయ్, జీతమిచ్చేది పన్జెయ్యనీకా, పండనీకా?"

"పడుకోవడం మా చెడ్డ కష్టమైన పనండీ సాబ్. మీ వల్ల కాదండి, ఆయ్!"

ఆ సంసారంలో నిద్రమొహం ఆయనొక్కడే అనుకోవడానికీ లేదు. భార్య సూర్యావతి ముహర్రక్‌లోనే ఒక ఇంట్లో పనిచేసేది. శుక్రవారం సెలవు దొరికితే ఇద్దరూ గుదైబియా పార్కు బెంచీ మీద కలిసేవారు. కలిసిన పావుగంటకే ఆవిడ ఆయన భుజం మీద వాలి నిద్రపోయేది. సాయంత్రం దాకా ఆయన దిష్టిబొమ్మలా కదలకుండా కూర్చునేవాడు. నిద్ర కోసమే పుట్టిన దంపతులని మా గదిలో అందరం నవ్వుకునేవాళ్లం.

ఒకరోజు ముహర్రక్‌లో పెద్ద విల్లాకి గ్రూపులు మార్చే పని వచ్చింది. ఇంటాయన అందరికన్నా పెద్ద పంపు అడిగాడు.

"ఇది కఫీల్ దోస్త్ ఇల్లు," అన్నాడు బాఖర్ సాబ్. కఫీలంటే మా అందరి వీసాలూ చేతిలో ఉన్న కంపెనీ యజమాని. "పెద్దది బిగించి వాపస్ రా. ఈసారి గిట్ల పండినవంటే నీ వీసా ఖలాస్. కఫీలే చెప్పిండు."

బాబాయి చాప తేనన్నాడు. తేలేదు కూడా. పంపు బిగించాడు, స్విచ్చి వేశాడు. పక్క గది గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆవలింతలు మింగుతున్నాడు. ఆ గదిలో మన వైపు మనిషే, నరసాయమ్మ, బట్టలు మడతపెడుతోంది. పాత పంపు కూడా ఇదే గోడకి ఉండేది.

"అమ్మా, నిద్దర పడతాందా ఇక్కడ?" అని అడిగాడు.

"నిద్దరేటి బాబూ! తెల్లార్లూ గోడ గొణుగుతానే ఉంటాది. పగలు తూలుతున్నాను, చేతిలో గ్లాసులు జారిపోతన్నాయి. ఇంకోటి పగిలితే ఇంటికి పంపేత్తానన్నారు మేడం."

బాబాయి నా వంక చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను.

"అమ్మా, నీ చాప ఓసారి ఇత్తావా?"

ఆయన పడుకోవడమూ, ఇంటాయన రావడమూ ఒకేసారి జరిగాయి. తెల్లటి పొడుగు చొక్కా, తలుపంత మనిషి.

"ఏ క్యా హై? మర్ గయా?"

"నై సాబ్," అన్నాడు బాబాయి, లేవకుండానే. "పంపు చెక్ కర్తా. ఆప్ భీ సోకే దేఖో."

మీరూ పడుకుని చూడండని! ఇంటాయన కాసేపు ఉరిమి చూశాడు. తర్వాత ఏమనుకున్నాడో, చెప్పులు విడిచి చాప మీద వాలాడు. కాళ్లు గుమ్మం దాటి వసారాలోకి వచ్చాయి. కళ్లు మూశాడు. గోడ గుయ్యిమంది. తెరిచాడు. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. చివరికి లేచి కూర్చుని నరసాయమ్మ వైపు చూశాడు. ఆవిడ తల వంచుకుంది.

"యల్లా," అన్నాడు మెల్లిగా, ఇక కానివ్వండన్నట్టు. "ఛోటా వాలా లావ్."

పిల్లిని పెట్టాం. ఇల్లు అంతే వెచ్చగా ఉంది. గోడ నోరు మూసుకుంది.

తిరిగొచ్చేటప్పుడు వ్యానులో నాకు ఒక్కో ఇల్లూ గుర్తొచ్చింది. ప్రతి ఇంట్లోనూ బాబాయి పడుకున్నది పనిమనిషి గదిలోనే.

"ఎప్పుడూ చెప్పలేదేం బాబాయ్?"

"పనిమనిషి నిద్దర కోసం పంపు మార్చండంటే ఎవడు మారుత్తాడ్రా? నాకు నిద్దర పట్టలేదంటే, ఈడి పిచ్చి ఈడిదని మారుత్తారు. మీ పిన్ని గదీ అలాంటిదే. ఆ ఇల్లు మన కంపెనీది కాదు, ఏం చేత్తాం?"

ఆ శుక్రవారాల బెంచీ నాకు అప్పుడు అర్థమైంది.

మర్నాడు ఇంటాయన ఫోను చేశాడట. బాఖర్ సాబ్ మా దగ్గరికి చాలా నీరసంగా వచ్చాడు.

"వాళ్ల చుట్టాలందరి ఇండ్లల్ల పంపులు చూడాల్నంట. పండుకునేటాయన్నే పంపమంటుండ్రు. పో భాయ్, చాప తీస్కపో."

ఆ చుట్టాల ఇళ్లలో పిన్ని పనిచేసే ఇల్లూ ఉంది.

తర్వాతి శుక్రవారం బాబాయి గదికి వేలాడిపోతూ వచ్చాడు.

"ఏమైంది బాబాయ్?"

"మీ పిన్ని నిద్రపోలేదురా! పొద్దున్నించీ మాట్లాడతానే ఉంది. ఊఁ కొట్టీ కొట్టీ దవడ పడిపోయింది. ఇన్నాళ్లదీ దాచుకున్నట్టుంది."

మొహం మాత్రం వెలిగిపోతోంది.

బాబాయి పోయినేడు పోయాడు. ఇప్పుడు శుక్రవారం వస్తే పాలకొల్లు నించి పిన్ని నాకు ఫోను చేస్తుంది. ఊఁ కొట్టే డ్యూటీ నాకు వచ్చింది. మధ్యలో నాకు కునుకు పడితే మాత్రం ఊరుకోదు.

"ఒరే వీరబాబూ! గురక వినబడతాంది. నేను పాసయినట్టేనా?"