సెకనుకు వంద కొలతలు

హెలికాప్టర్ మమ్మల్ని దించినప్పుడు మైనస్ ఇరవై. మంచు పడటం లేదు, గాలి ఉంది. ఆ మంచుకొండ మీది ఆర్మీ పోస్టు అంటే రెండు బంకర్లు, ఒక రేడియో, ఒక డీజిల్ జనరేటర్. నేను సిగ్నల్స్ మెకానిక్‌ని, మార్కాపురం వాణ్ణి. జనరేటర్ ఆపరేటర్‌ది బేస్తవారిపేట దగ్గర పల్లె, గొర్రెలు మేపుకునే ఇల్లు. అంత దూరంలో మన మాట వినబడగానే నన్ను అన్నా అనేశాడు.

అప్పటికే ఒక ఛార్జర్ కాలిపోయింది. రేడియో బ్యాటరీలకు మిగిలింది ఇంకొక్కటే. అది కూడా పోతే పోస్టుకు మాట ఉండదు. అందుకని వర్క్‌షాప్ వాళ్లు వోల్టేజీని కొలిచే పెట్టె ఒకటి పంపారు. అందులో రెండు విషయాలు నేను ఎంచుకోవాలి: సెకనుకు ఎన్నిసార్లు కొలవాలి, ఒక్కో కొలత ఎంత సూక్ష్మంగా ఉండాలి. ఒకటి పెంచితే రెండోది తగ్గుతుంది. సూక్ష్మతకు లెక్క బిట్లు. పన్నెండు బిట్లయితే సెకనుకు వేలసార్లు కొలుస్తుంది. పదహారు బిట్లయితే వందసార్లే. నేను పదహారు పెట్టాను. తెర మీద చుక్క తర్వాత మూడు అంకెలు కనిపించడం నాకు నచ్చింది. అంతకు మించిన కారణం లేదు.

వోల్టేజీ ఊగడం మొదలైంది. రెండు వందల ముప్పై నుంచి నూట యాభైకి మెల్లగా దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది.

"ఏందన్నా, అచ్చం మా బోరు మోటారుకొచ్చే కరెంటు మాదిరి ఉండాదే!" అన్నాడు ఆపరేటర్.

నేనూ నవ్వాను. ఊగే కరెంటుతో పెరిగినవాళ్లం. పెట్టె మీద ఇద్దరికీ అనుమానం రాలేదు. ఇంజిను వేగాన్ని నిలిపే గవర్నర్ పట్టేసిందన్నాను. విప్పమన్నాను.

"గ్లౌజులతో ఆ చిన్న స్క్రూలు చిక్కవన్నా."

"అయితే తీసెయ్. తొందరగా కానియ్."

"సరే. వేళ్లు పోతే మా ఇంటిదానికి నువ్వే చెప్పాల."

విప్పాడు, తుడిచాడు, బిగించాడు. వోల్టేజీ అలాగే ఊగింది. రేడియోలో వర్క్‌షాప్ సుబేదార్‌ని పిలిచి సంగతి చెప్పాను.

"సెకనుకు ఎన్ని కొలతలు?"

"వంద, సాబ్."

"కరెంటు అలలు సెకనుకు యాభైకి కాస్త అటూ ఇటూ. అంటే ఒక్కో అలను రెండు చోట్లే చూస్తున్నావు. ఆ చోట్లు కాసేపు అల శిఖరం మీద పడతాయి, మెల్లగా జరిగి సున్నా వైపు దిగుతాయి. ఊగేది కరెంటు కాదు, నీ కొలత. బిట్లు తగ్గించు, వేగం పెంచు. ఓవర్."

పన్నెండు బిట్లు పెట్టాను. ఊగడం ఆగింది. జనరేటర్‌లో ఏ లోపమూ లేదు. బంకర్లోని వేడిగాలి ఫ్యాను ఆపినప్పుడల్లా మాత్రం వోల్టేజీ అలలో ముల్లులాంటిది ఒకటి క్షణంలో లేచి పడింది. ఛార్జర్‌ని కాల్చింది అదే. నేను మొదట పెట్టిన వేగానికి అది అందలేదు.

అప్పటికే ఆపరేటర్ కుడిచేతి వేళ్లు తెల్లబడ్డాయి. గాలి తగ్గి హెలికాప్టర్ వచ్చేసరికి నల్లబడ్డాయి. ఆస్పత్రిలో రెండు వేళ్లు సగానికి తీసేసి అతన్ని ఇంటికి పంపారు. విచారణలో నన్ను అడిగారు. గ్లౌజులు తీయమన్నది నేనని చెప్పలేదు.

డ్యూటీ ముగిశాక మార్కాపురంలో నా ట్రంకు దించి, మర్నాడే బేస్తవారిపేట బస్సెక్కాను. అతను దొడ్లో ఉన్నాడు. విచారణలో దాచింది ఇక్కడ చెప్పాను.

"నన్నూ అడిగినారులేన్నా. గ్లౌజులు నేనే తీసినానని చెప్పినా. ఇద్దరం ఇంటికొస్తే గొర్రెలు చాలొద్దా?"

గొర్రెపిల్ల మెడలో తాడు బిగుసుకుపోయింది. అతను మోకాళ్ల మీద వంగి ముడిని పళ్లతో పట్టాడు. నేను చెయ్యి చాచాను.

"ఉండన్నా, వస్తాది," అన్నాడు, ముడిని నోట్లోంచి వదలకుండానే.