కోర్టులో చెప్పని మాట

పోయిన సోమవారం పొద్దున బడంగ్‌పేట్ చౌరస్తాలో మా కంపెనీ వ్యాన్ కోసం నిలబడ్డాం. రాలేదు. ఆ వ్యాన్ ఆలస్యం కావడమే మాకు వింత. ఒకరి మొహాలొకరు చూసుకుంటుండగా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. వ్యాన్ నడిపే అన్న ఇంట్లోనే కుప్పకూలాడట, దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయిందట. ఆ రోజు ఆటోలో ఎయిర్‌పోర్టుకు వెళ్లాం.

మాది విమానాల్లో సరుకులు ఎక్కించి దించే కంపెనీ. నేను జీతాల సెక్షన్‌లో పనిచేస్తాను. ఆయన మామిడిపల్లి రైతుబిడ్డ. నన్ను చెల్లె అనేవాడు, నా కోస్తా మాటల్ని ఆటపట్టించేవాడు. "నీ 'అండీ'లు ఒడిసేసరికి మన గేటొస్తది చెల్లె, జర జల్ది చెప్పు" అనేవాడు. ఎంత ట్రాఫిక్‌లో ఉన్నా పహాడీషరీఫ్ దర్గా గుట్ట కనబడితే స్టీరింగు మీంచి ఓ చెయ్యి తీసి గుండెకు ఆనించుకునేవాడు. తలమీంచి విమానం దిగుతుంటే మాట ఆపి, ఆ మోత పోయాక సరిగ్గా ఆపిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టేవాడు.

ఆయన జీతంలో కోత పడింది సొంత అప్పుకు కాదు. తోడల్లుడు ట్రాక్టర్ కొంటానంటే ఆ అప్పుకు హామీగా జమానతు ఉన్నాడు. తోడల్లుడు కట్టడం మానేసి ఫోన్ ఎత్తడం కూడా మానేశాడు. అప్పిచ్చిన ఊరాయన కోర్టుకెక్కి డిక్రీ తెచ్చుకున్నాడు. నెలనెలా ఈయన జీతంలో కొంత భాగం పట్టుకుని కోర్టుకు పంపమని మా ఆఫీసుకు ఉత్తర్వు వచ్చింది. పట్టుకోవాల్సింది నేనే. ఆ సంగతి ఆయనకు చెప్పలేక వ్యాన్‌లో కిటికీ వైపు తిరిగి కూర్చుంటే, "నీ పని నువ్వు చేస్తున్నవ్ చెల్లె, గంతదానికి పరేషాన్ ఎందుకు?" అని ఆయనే నన్ను ఓదార్చాడు.

కొన్నాళ్లకు ఓ పొద్దున మొహం వెలిగిపోతూ వచ్చాడు. రెండు బర్రెల్ని, వదిన గాజుల్ని అమ్మి మిగిలిన బాకీ మొత్తం కట్టేశాడట. కట్టింది కోర్టులో కాదు. అప్పిచ్చినాయన వాకిట్లో, పెద్దమనుషుల ముందు, ఆయన చేతికే ఇచ్చాడు. "కోర్టుల నేను చెప్త బావా, నువ్వు నిమ్మళంగ పో" అన్నాడట ఆయన. తర్వాత అందరూ కలిసి కల్లు తాగారట.

"రసీదు తీసుకున్నారా అన్నా?" అన్నాను.

"ఏంది చెల్లె, గట్లంటవ్? పెద్దమనుషులల్ల కూసొని కాయిదం అడిగితే ఇజ్జత్ ఉంటదా? అందరం కలిసి కల్లు తాగినమంటే లెక్క తెగినట్టే."

కోర్టు బయట డబ్బు ముడితే, ముట్టిందని కోర్టుకు చెప్పాల్సిన బాధ్యత అప్పిచ్చినవాడిది. కోర్టు రాసుకుంటేనే అది లెక్కలోకి వస్తుంది. లేకపోతే డబ్బు ఇవ్వనట్టే, కోత ఆగనట్టే. ఆ నెల కూడా పట్టుకున్నాను.

అడిగినప్పుడల్లా అప్పిచ్చినాయన "వచ్చే పేషీల చెప్త" అనేవాడు. పేషీలు పోతూనే ఉన్నాయి. కోర్టుకు మేం పంపిన డబ్బు మాత్రం మర్చిపోకుండా తీసుకునేవాడు. అన్నను వకీలు దగ్గరికి పంపాను. కాగితమైనా ఉండాలి, తీసుకున్నవాడైనా ఒప్పుకోవాలి, చూసినవాళ్ల నోటిమాట చాలదు, పైగా కట్టినవాడే కోర్టుకు చెప్పుకునే గడువు దాటిపోయింది అన్నాడు వకీలు. పెద్దమనుషులేమో "చూసినం గని, కోర్టు మెట్లు ఎక్కం బిడ్డా" అన్నారు. కోర్టు చెప్పకుండా మేం ఆపితే ఆ డబ్బు కంపెనీ కట్టుకోవాల్సి వస్తుందని మా మేనేజర్ అన్నాడు. ఆయన మాటా తప్పు కాదు. ఒక్క డిక్రీకి రెండేళ్లకు మించి జీతం పట్టుకోకూడదట. ఆ రెండేళ్లు ఎప్పుడు నిండుతాయా అని చూడటం తప్ప మాకు ఇంకో దారి మిగల్లేదు.

"నమ్మి చెడినోడు లేడు చెల్లె" అనేది ఆయన ఊతపదం. ఎప్పుడు మానేశాడో నేను గమనించనే లేదు.

ఆయనకు బీపీ. టిఫిన్ చేశాక గోలీని డ్యాష్‌బోర్డు మీద పెట్టి, వ్యాన్ తాళంచెవితో నొక్కి రెండు ముక్కలు చేసేవాడు. ఒకటి మింగి, ఒకటి మర్నాటికి చొక్కా జేబులో వేసుకునేవాడు.

"సగం వేసుకుంటే ఏం పనిచేస్తుందండీ?" అని కోప్పడ్డాను.

"సగం జీతమోనికి సగం గోలీ చాలు" అని నవ్వాడు.

ఓసారి గోలీలు నేనే కొనిచ్చాను. మర్నాడు మా ఇంటికి సరిపడా సీతాఫలాలు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. "ఇంకొగలకు బాకీ పడుడు నాతోని కాదు" అన్నాడు. మళ్లీ కొనివ్వనివ్వలేదు.

అంత్యక్రియలకు మామిడిపల్లి వెళ్లాం. అప్పిచ్చినాయన పూలదండ పట్టుకుని వచ్చాడు. నిజంగానే ఏడ్చాడు. "గిసుంటి మనిషి మల్ల పుట్టడు. ఒక్క రూపాయి ఉంచుకోకుంట నా బాకీ అంత అందరి ముందట నా చేతుల వెట్టిండు" అన్నాడు. పెద్దమనుషులు అవునవునని తలలూపారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఈ ముక్క కోర్టులో ఎందుకు చెప్పలేదండీ?" అనేశాను.

అందరూ నావైపు, అనకూడని మాట అన్నట్టు చూశారు. "చావుకాడ గీ లెక్కలేందమ్మా?" అన్నాడో పెద్దమనిషి. వదిన తలెత్తలేదు. అప్పిచ్చినాయన కళ్లు తుడుచుకుంటూ పాడె పట్టుకోవడానికి ముందుకు వెళ్లాడు.

నిన్న ఆయన ఆఖరి జీతం తయారుచేశాను. పనిచేసిన కొద్ది రోజులకే. ఉత్తర్వు ఇంకా అమల్లోనే ఉంది కాబట్టి అందులోనూ కోర్టు భాగం పట్టుకున్నాను. వదిన వచ్చి సంతకం పెట్టింది. కొంగుముడి విప్పి వ్యాన్ తాళంచెవి నా బల్ల మీద పెట్టి, "ఇది కంపెనీదంట గదా" అంది.

తాళంచెవి పళ్ల మధ్య తెల్లటి గోలీ పొడి పేరుకుని ఉంది. చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. తర్వాత స్టోరులో అప్పగించాను. స్టోరతను దాన్ని ప్యాంటుకు తుడిచి, మేకుకు తగిలించాడు.