వాగవతలి కాలు

నేను దేవుని మాటకు లోబడి, గొంతు దాకా నీళ్లున్న వాగును ఒంటి చేత్తో ఈది దాటిన మనిషిని. రెండో చేతిలో దూది, మందు సీసా, కట్టు గుడ్డలు ఉన్న సంచి. అది తడవకుండా తలకు పైన ఎత్తి పట్టుకున్నాను. నడివాగులో ఒక దుంగ కొట్టుకొచ్చి భుజానికి తగిలింది. నేను బెదరలేదు. "ప్రభువా, పొమ్మన్నావు, పోతున్నాను" అన్నాను. వాగు దారి ఇచ్చింది.

ఈ సంగతి మా రేకుల మందిరంలో నాలుగుసార్లు సాక్ష్యం చెప్పాను. ఆదివారం పాటలు అయ్యాక, పాస్టరుగారు వాక్యం చెప్పకముందు, ఎవరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకోవచ్చు. ఆడవాళ్లు రెండు ముక్కల్లో ముగిస్తారు. జ్వరం తగ్గింది, బర్రె ఈనింది, స్తోత్రం. నేను లేచానంటే మాత్రం పాస్టరుగారు గడియారం వంక చూస్తారు. మొదటిసారి చెప్పినప్పుడు వాగులో నీళ్లు మోకాలి దాకా ఉన్నాయి. జనం ఊరికే విన్నారు. రెండోసారికి నడుము దాకా వచ్చాయి, ఒకరిద్దరు స్తోత్రం అన్నారు. నాలుగోసారికి గొంతు దాకా వచ్చాయి, మందిరమంతా హల్లెలూయ అంది. ఐదోసారి కూడా చెప్పి ఉంటే నేను మునిగిపోయేవాణ్ణి.

కాగితం మీద పెడుతున్నాను కాబట్టి నిజం చెబుతాను. మా ఊరికీ అవతలి ఊరికీ మధ్య వాగు మీద సిమెంటు చప్టా ఉంది. ఆ రోజు దాని మీద నీళ్లు పిక్కల దాకా పారుతున్నాయి. దుంగ రాలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి వెళ్లాను. నా ముందు ఒక ముసలామె మేకను తోలుకుంటూ దాటింది, ఆమె ఎక్కడా సాక్ష్యం చెప్పలేదు.

అయినా ఆ దాటడం నాకు తేలిక కాలేదు. అవతలి ఒడ్డున ఉన్నది నా తమ్ముడు. ఎనిమిదేళ్లుగా మా ఇద్దరికీ మాటల్లేవు.

మా నాయన పోయిన రోజు మొదలైంది అది. అప్పటికి నేనూ నా భార్యా బాప్తిస్మం తీసుకుని రెండేళ్లయింది. పెద్దకొడుకుగా తలకొరివి నేను పెట్టాలి. పెట్టనన్నాను. అక్కడితో ఆగితే సరిపోయేది. శవం దగ్గర నిలబడకుండా, పాడె మోయకుండా, మందిరం వాళ్లతో కలిసి వీధి చివర నిలబడ్డాను, నలుగురికీ కనిపించేలా. తమ్ముడే కొరివి పెట్టాడు. తిరిగి వస్తూ నా ముందు ఆగాడు.

"నాయిన మీద ప్రేమ పెట్టుకోవద్దని చెప్పిండా అన్నా, మీ దేవుడు?" అన్నాడు.

వేరే దేవుళ్లను కొలవరాదన్న ఆజ్ఞ గురించి నేను పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. వాడు వినకుండా వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం మందిరం పెద్దలు నా భుజం తట్టారు. ఆ తట్టుడు నాకు ఎంత తియ్యగా ఉందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. నా భార్య మాత్రం వీధి చివరకు రాలేదు. కొరివి దగ్గరకూ పోలేదు. వచ్చిన చుట్టాలందరికీ బోరింగు నుంచి నీళ్లు మోసింది, మూడు రోజులు అంట్లు తోమింది. మతం మార్పించిన మాయలాడి అని తమ్ముడు అందరి ముందూ అన్నాడు ఆమెను. ఆమె బిందె దించలేదు.

లోబడడం అంటే నాకు తెలిసింది బొగ్గుబాయిలో. ఇల్లందు దగ్గర ముప్పై ఏళ్లు బాయి పని చేశాను. కింద మా పని చూసే సర్దారు కర్రతో పైకప్పును తట్టి చప్పుడు వినేవాడు. ఆ చప్పుడు ఆయనకు నచ్చకపోతే "బయటికి!" అని ఒక్క అరుపు. ఎందుకని అడిగేవాళ్లం కాదు. చేతిలో ఉన్నది అక్కడే పడేసి నడిచేవాళ్లం. బూతులు తప్ప మాట రాని మనిషి ఆయన. ఆయన మీద మాకు ప్రేమ ఏమీ లేదు, ప్రాణం మీద తీపి ఉండేది. దేవుణ్ణి కూడా నేను అలాంటి సర్దారు అనుకున్నాను. చెప్పింది చెయ్యి, లేకపోతే కప్పు కూలుతుంది.

పోయిన ఏడాది తమ్ముడి కాలికి ముల్లు గుచ్చుకుంది. షుగరు ఉన్న ఒళ్లు, పుండు పెద్దదైంది. పెళ్లాం చనిపోయింది, ఇంట్లో చూసేవాళ్లు లేరు. భద్రాచలం దవాఖానాలో చూపించుకుంటే డాక్టరు ఒకటే మాట చెప్పాడట. రోజూ శుభ్రంగా కడిగి కట్టు మార్చాలి, మళ్లీ చీము పట్టిందంటే పాదం తీసేయాల్సిందే. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, నర్సమ్మ వచ్చేది. మిగతా ఐదు రోజులు?

ఆ ఐదు రోజులూ నా భార్య బయలుదేరింది.

"వాని గడప తొక్కినవంటే ఈ గడప తొక్కకు" అన్నాను.

"నీ మాట తర్వాత. అంతకుముందు ఇంకొకాయన మాట ఉన్నది" అని సంచి తీసుకుని వెళ్లింది. గంటన్నర తర్వాత వచ్చి, చేతులు కడుక్కుని, ఏమీ జరగనట్టు నాకు అన్నం పెట్టింది. నేను తిన్నాను. ఆకలి వేస్తోంది.

నాలుగు నెలలు అలాగే సాగింది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"వాడంటే నీకంత ప్రేమనా?"

"ప్రేమ ఎక్కడిది? నన్ను ఏమన్నడో మర్సిపోయిన అనుకున్నవా?"

"మరెందుకు పోతున్నవ్?"

"పొమ్మన్నడు గాబట్టి."

"ఎవరు, పాస్టరా?"

"పాస్టరుకు ఆ కాలు సంగతే తెల్వదు" అంది. బియ్యంలో రాళ్లు ఏరుతూనే మళ్లీ అంది, "మొదటి వారం కట్టు ఇప్పంగనే వాకిట్లకు ఉరికి కక్కిన. దేవుడా, నా తోని కాదు అన్న. అయినా తెల్లారి పోయిన. ఇప్పుడేమో తొవ్వలనే మనసు గుంజుతది, ఇయ్యాల కొత్త తోలు ఎంత వచ్చిందో సూడాలె అని."

ప్రేమ పుడితే లోబడడం దాని వెనకే వస్తుందని మందిరంలో నేనే నలుగురికి చెబుతుండేవాణ్ణి. ఈమె ఎదురు దారిన నడిచి వెళ్లింది. ప్రేమ లేని చోటికి, ఉత్త మాట ఒకటి పట్టుకుని, కక్కుకుంటూ వెళ్లింది. అక్కడ ఆమెకు ముందే ఎవరో వచ్చి కూర్చుని ఉన్నట్టు, ప్రేమ దొరికింది. నలభై ఏళ్లు నా పక్కన పడుకున్న మనిషి ఇంత దూరం ఎప్పుడు వెళ్లిందో నాకు తెలియలేదు. ఆ పూట ఆమె చేటలో చేతులు ఆడిస్తుంటే దగ్గరికి వెళ్లడానికి నాకు జంకు పుట్టింది.

వానాకాలంలో ఒక సోమవారం ఆమెకు జ్వరం వచ్చింది. కీళ్లు పట్టేశాయి, లేవలేకపోయింది.

"నువ్వు పో" అంది.

"రేపు నర్సమ్మ వస్తది గదా?"

"నిన్ననే కొంచెం వాసన మారింది. ఇయ్యాల కడగకపోతే చీము పడుతది. కాలు పోతది. పో!"

బాయిలో విన్న "బయటికి" లాంటి అరుపు అది. లేచి సంచి తీసుకున్నాను. చప్టా దాటుతుంటే, ఎన్నడూ గుర్తుకు రానిది అప్పుడు గుర్తుకొచ్చింది. కప్పు కూలుతుందని అరిచిన సర్దారు ఎప్పుడూ మా ముందు నడవలేదు. మమ్మల్నందరినీ లెక్కపెట్టి ముందుకు తోసి, చివరన తాను వచ్చేవాడు. ముప్పై ఏళ్లు ఆ బూతుల్లో నేను అధికారమే విన్నాను. నీళ్లలో కాళ్లు పెట్టి కాసేపు అలాగే నిలబడిపోయాను. ఇంతకాలం దేవుడి మాట కూడా అలాగే సగం విన్నానేమో అనిపించింది.

తమ్ముడు అరుగు మీద మంచంలో ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

"వదినేది?"

"జ్వరం."

"నువ్వెందుకొచ్చినవ్?"

"పంపితే వచ్చిన."

"ఎవరు, మీ దేవుడా?"

"మీ వదిన."

"ఆమె పంపిందంటే సరే" అని కాలు చాపాడు.

మా మందిరంలో ఈస్టరుకు ముందు గురువారం సాయంత్రం పాదాలు కడిగే ఆరాధన ఉంటుంది. పాస్టరుగారు మోకరించి అందరి కాళ్లూ కడుగుతారు. మేమేం చేస్తామంటే, పాస్టరుగారి ముందు మురికి కాళ్లు చాపితే బాగుండదని ఇంటి దగ్గరే సబ్బు పెట్టి, మడమలు రాయితో రుద్ది, తెల్లగా చేసుకుని పోతాం. కొందరు కొబ్బరినూనె కూడా రాసుకుంటారు. ఆ కడిగిన కాళ్ల మీద ఆయన మళ్లీ చెంబెడు నీళ్లు పోస్తారు. ఇత్తడి పళ్లెం పట్టుకునే పని ఏటేటా నాదే. ఎంత భక్తితో పట్టుకునేవాణ్ణో! అన్నేళ్లలో మురికి కాలు ఒక్కటి కూడా చూడలేదు.

ఇక్కడ కట్టు విప్పగానే వాసన ముఖాన కొట్టింది. అయినా కాలు నా ఒళ్లో పెట్టుకున్నాను. మరిగించి చల్లార్చిన నీళ్లు పోసి, దూదితో మెల్లగా అద్దుతూ కడిగాను. పుండు అంచున గోరంత వెడల్పున కొత్త తోలు కనిపించింది, చంటిపిల్ల పెదవి రంగులో. నా భార్య రోజూ చూడడానికి పరిగెత్తేది దీన్నేనన్నమాట. బొటనవేలు పక్కకు వంగి ఉంది, అచ్చం నాయన బొటనవేలు. ఆ రోజు నేను ముట్టుకోని కాళ్లు గుర్తొచ్చాయి.

తమ్ముడు నా వంక చూడకుండా అన్నాడు, "కొరివి పెట్టకపోతే పెట్టకపోయినవ్. పక్కన నిలబడితే ఏం పోతుండె అన్నా?"

ఉపన్యాసం ఒక్క ముక్క కూడా గుర్తుకు రాలేదు. కొరివి సంగతి ఎలా ఉన్నా, తమ్ముడి పక్కన నిలబడవద్దని నా దేవుడు ఎన్నడూ చెప్పలేదు. వీధి చివరన నేను లోబడింది నన్ను చూస్తున్న కళ్లకు.

"ఏం పోకుండె" అన్నాను. అంతే మాట్లాడుకున్నాం. కట్టు కట్టి ఇంటికి వచ్చాను.

కాలు నిలిచింది. ఇప్పుడు కర్ర ఊతతో చేనుగట్టు దాకా పోయి వస్తున్నాడు. వాడికి కళ్లు సరిగ్గా ఆనవు కాబట్టి, రాసినదంతా నిన్న వాడి అరుగు మీద కూర్చుని చదివి వినిపించాను. నా భార్య పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తోంది. చివరిదాకా విని తమ్ముడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అంతా అబద్ధం రాసినవ్ అన్నా. ఆ సోమవారం కాలు కడుక్కున్నది నేను. నువ్వు మూతికి తువ్వాల కట్టుకొని, గోడ దిక్కు తిరిగి చెంబు పట్టుకున్నవ్, నీళ్లు సగం మంచం మీదనే పోసినవ్. కొత్త తోలు నువ్వు సూసింది తెల్లారి. మంగళవారం, నర్సమ్మ వచ్చే రోజు. నీతోని పనే లేకుండె, నిన్ను ఎవ్వలు పంపలే. అయినా పొద్దుగాల్నే వచ్చి, ఆమెను జరుగమ్మా అని, నువ్వే కూసోని కడిగినవ్. గిన్ని కాయితాలు నింపి, గా మంగళారం సంగతి ఒక్క ముక్క రాయలే. గిదేం రాత?"